పెద్దాయన ఇచ్చిన బకెట్టు

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంటకి కాపలా కాసే సరంజామా గురించి. కొంచెం పెద్దదే. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. నాది ప్రకాశం జిల్లా. ఉద్యోగానికని అమెరికా వచ్చి, ఆఖరికి టెక్సాస్‌లో అరవై ఎకరాలు కొనుక్కుని మళ్ళీ మట్టిలోనే పడ్డాను. మొక్కజొన్న, జొన్న, పశువుల గడ్డి, ఇండియన్ షాపుల కోసం కాస్త బెండ, దోస. ఇక్కడ నాకున్న పెద్ద శత్రువు చీడా కాదు, కరువూ కాదు. అడవి పంది. మొక్కజొన్న విత్తిన రాత్రే దిగుతాయి. మూతితో సాలు వెంబడే పోతూ గింజ గింజ ఏరుకుంటాయి. తెల్లారి చూస్తే ఎవరో నాగలి కట్టి తిరగదున్నినట్టు ఉంటుంది. మన దగ్గర శనక్కాయ రైతుకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ 2019 సెప్టెంబరు 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవి పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అందుకే నా దగ్గర .308 రైఫిల్ ఒకటి ఉంది. పేల్చిన తూటాల ఖాళీ కేసుల్ని ఏరుకొచ్చి, మళ్ళీ నింపుకుంటాను. ఇక్కడ చాలామంది రైతులు చేసే పనే ఇది. మన దేశంలో లెక్క వేరు. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడం, తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళు ఇది చదివి ఏమీ మొదలుపెట్టకండి. మందు మోతాదులు కూడా ఈ పోస్టులో ఉండవు. ఇది ముక్కూ మొహం తెలియని వస్తువుని ఎలా నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అనే సంగతి.

మనం వాడుకలో మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. నిజానికి అందులో నాలుగు ముక్కలు. ముందు ఎగిరిపోయేది బుల్లెట్. లోపల మందు. అడుగున నిప్పు పుట్టించే చిన్న మూకుడు లాంటిది ప్రైమర్. ఈ మూడింటినీ పట్టుకుని ఉండేది ఇత్తడి కేసు. ఆ ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేలినప్పుడు కేసు ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుని, వేడి గాలి వెనక్కి రాకుండా ఆపుతుంది. మరుక్షణం కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది. మిగతా మూడూ ఖర్చయిపోతాయి. కేసు మాత్రం మిగులుతుంది. దాన్నే మళ్ళీ మళ్ళీ వాడతాం.

నా మొహానికీ ఆ పేలుడుకీ మధ్య ఉండేది ఆ పల్చటి ఇత్తడి గోడే.

పోయినేడు తుపాకుల సంతలో ఒక సంచి కేసులు కొన్నాను. ఒక్కసారి మాత్రమే పేల్చినవని అమ్మినాయన చెప్పాడు. తళతళా మెరుస్తున్నాయి. శుభ్రంగా నింపుకున్నాను. ఆరోదో ఏడోదో పేల్చాక బుగ్గ మీద వేడి ఆవిరి కొట్టినట్టయింది. బోల్టు లాగితే కేసు అడుగు ముక్క ఒక్కటే వచ్చింది. ముందు భాగం చాంబర్లోనే ఇరుక్కుపోయింది. కళ్ళజోడు మీద నల్లటి మసి. కుడిపక్క రెండడుగుల దూరంలో మా పెద్దోడు కూర్చుని ఉన్నాడు. వాడికి పదిహేనేళ్ళు. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మూడో రోజు చెప్పాను. ఆమె ఏమందో ఇక్కడ రాయను.

అప్పటినుంచి తెలియని ఇత్తడి చేతికొస్తే నాకు భయం. ఆ భయంతోనే కొంత నేర్చుకున్నాను.

ఇక బకెట్టు సంగతి. మా పక్క పొలం పెద్దాయన ఈ చలికాలం పోయారు. నాకు ఇక్కడ ట్రాక్టర్ రిపేరు నేర్పింది ఆయన. ఏ గాలికి వాన పడుతుందో చెప్పింది ఆయన. తుపాకీ ఎలా పట్టుకోవాలో నేర్పిందీ ఆయనే. నెల తర్వాత వాళ్ళావిడ పిలిచి, గుర్రాల కొట్టంలోంచి ఒక బకెట్టు తెచ్చి చేతికిచ్చారు. సగానికి పైగా ఇత్తడి కేసులు. "ఆయన వస్తువు నీ దగ్గర ఉంటే బాగుంటుంది అబ్బాయ్" అన్నారు.

కళ్ళనీళ్ళ పర్యంతమై తెచ్చుకున్నాను. మావాడు అప్పటికే కొత్త మొక్కజొన్న సాళ్ళలో పందుల అడుగులు చూసొచ్చాడు.

"నాన్నా, ఈ రాత్రే ఓ యాభై నింపుదామా? తాత ఎంత జాగ్రత్త మనిషో నీకు తెలుసు కదా" అన్నాడు.

తెలుసు. అదే కష్టం. సంతలో ఎవడో అమ్మినవైతే అనుమానించడం తేలిక. గురువు ఇచ్చినదాన్ని అనుమానించాలంటే చేయి రాదు. అయినా ముందు గరాజ్‌లో దుప్పటి పరిచి మొత్తం కుమ్మరించాం. లెక్కపెడితే 612.

ఏ వరసలో చూశామో చెబుతాను.

ముందు అడుగున ముద్ర చదివాం. ప్రతి కేసు అడుగునా తయారీదారు గుర్తు, సైజు పేరు కొట్టి ఉంటాయి. మిలిటరీవైతే ఏ ఏడు తయారైందో కూడా ఉంటుంది. .308 నుంచి పుట్టిన చుట్టాలు చాలా ఉన్నాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అలా వేరే సైజువి 27 తేలాయి. పక్కన పెట్టాం.

రెండోది అయస్కాంతం. ఇత్తడి అంటుకోదు. ఉక్కు కేసుకి పైన ఇత్తడి పూత పూసినవి ఉంటాయి, అవి టక్కున అంటుకుంటాయి. అలాంటివి 18.

మూడోది, టార్చి వేసి కేసు మూతిలోంచి అడుగుకి చూడటం. అడుగున మధ్యలో ఒక్క రంధ్రం ఉంటే బాక్సర్ పద్ధతి. ప్రైమర్ని మామూలు సూదితో తోసేయొచ్చు. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ పద్ధతి. మన పనిముట్లతో కుదరదు, సూది విరుగుతుంది. తమాషా ఏంటంటే బాక్సర్ ఇంగ్లండు మనిషి, బెర్డాన్ అమెరికా మనిషి. అమెరికావాళ్ళు వాడేదేమో ఇంగ్లండాయనది, యూరప్‌లో ఎక్కువగా వాడిందేమో అమెరికా ఆయనది. బెర్డాన్‌వి 40 పోయాయి.

నాలుగోది కళ్ళూ భూతద్దం. మెడ మీద నిలువు పగుళ్ళు, భుజం దగ్గర లోతు సొట్టలు, గులాబీ రంగు మచ్చలు. గులాబీ రంగు అంటే ఆ చోట జింకు కరిగిపోయి రాగి మిగిలిందని. పులుపులో ఎక్కువసేపు నానబెట్టి కడిగినా అలా అవుతుంది. అమ్మ చింతపండుతో బిందె తోమినప్పుడు వచ్చే ఎరుపు గుర్తుందా? బిందెకి ఫర్వాలేదు, దీనికి మచ్చ లోతుగా ఉంటే పనికిరాదు. ఇలా 61 తీశాం.

ఇక్కడే నాకు మొదటిసారి గుండె జారింది. కొన్ని కేసుల మెడ దగ్గర ఆకుపచ్చా నీలం కలిసిన చార. ఆ చారల పక్కనే సన్నటి పగుళ్ళు. బకెట్టు ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చింది. గుర్రాల కొట్టం.

వెనకటికి మన దేశంలో బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక తీస్తే, ఎవరూ ముట్టుకోకుండానే ఇత్తడి పగిలిపోయి ఉండేది. వానాకాలంలో వస్తుంది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో శాస్త్రవేత్తలు తేల్చారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, దానికి తోడు తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు. ఈ రెండూ కలిస్తే పగులుతుంది. కోళ్ళ షెడ్డులో కళ్ళు మండించే వాసన అదే. రైతులకి వేరే చెప్పాలా? ఎరువుల గదిలోనో పశువుల కొట్టంలోనో ఇత్తడి దాచకూడదు. అమ్మోనియా కలిసిన పాలిష్‌తో కేసులు తోమకూడదు.

మిగిలినవి 466. వాటిలో రెండు రకాలు కనిపించాయి. 300 కేసులు రకరకాల కంపెనీలవి, అద్దంలా మెరుస్తున్నాయి. మిగతా 166 బకెట్టు పైన దళసరి ప్లాస్టిక్ సంచిలో, మూతి బిగించి ఉన్నాయి. అన్నీ మిలిటరీవి, మిస్సోరీలోని లేక్ సిటీ ఫ్యాక్టరీ ముద్ర, ఒకే ఏడాదివి. రంగు మాసి ఉన్నాయి. మెడ, భుజం దగ్గర కాలినట్టు నీలి గోధుమ రంగు.

"ఇవి కాలిపోయాయి నాన్నా, పారేద్దాం. మెరిసేవి ఉంచుకుందాం" అన్నాడు మావాడు.

పోయినేడు నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఆ రంగు కాలడం వల్ల కాదు, అంటే చెడిపోవడం వల్ల కాదు. మెడ మెత్తగా ఉండాలని ఫ్యాక్టరీలోనే ఆ భాగాన్ని వేడి చేస్తారు. మార్కెట్‌కి వెళ్ళేవాటికి ఆ మచ్చ పోయేదాకా పాలిష్ పెడతారు. మిలిటరీవాటికి మచ్చ అలాగే వదిలేస్తారు. ఆ రంగు మెడా భుజం దాటి కిందికి, అడుగు దాకా వస్తే మాత్రం భయపడాలి. అడుగు గట్టిగా ఉండాలి. అది మెత్తబడితే ప్రమాదం.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. పేపర్ క్లిప్పు తీసుకుని చివర చిన్న కొక్కెంలా వంచాను. దాన్ని కేసు లోపలికి పెట్టి, అడుగునుంచి పైకి గోడని గీరుతూ లాగాలి. గోడ నున్నగా ఉంటే కొక్కెం సాఫీగా వస్తుంది. అడుగుకి కాస్త పైన ఎక్కడైనా గాడిలో పడ్డట్టు చిక్కుకుంటే, అక్కడ ఇత్తడి పల్చబడిందని అర్థం. సైజు చేసేటప్పుడు భుజాన్ని మరీ వెనక్కి నొక్కేస్తే, పేలిన ప్రతిసారీ కేసు పొడవుగా సాగుతుంది. సాగేది అక్కడే. బయట కొన్నిసార్లు సన్నటి మెరుపు గీతలా ఉంగరం కనిపిస్తుంది. పోయినేడు నా మొహం దగ్గర తెగిపోయింది సరిగ్గా ఆ చోటే.

మెరిసే 300 లోంచి చూడకుండా 30 తీశాను. కొక్కెం తొమ్మిదింటిలో చిక్కింది. ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. లోపల గోడలో వేలిగోరు పట్టేంత గాడి. బయట మాత్రం కొత్త పెళ్ళికూతురు ముక్కుపుడకలా మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నా చేతిలో రెండు చెక్కలై ఉంది.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేశాను. నాన్నకి తుపాకుల సంగతి పట్టదు గానీ విత్తనాల సంగతి బాగా తెలుసు. కొత్త బస్తా వస్తే వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెలో చుట్టి, మొలిచినవి లెక్కేసేవాడు. డెబ్భైకి తగ్గితే ఆ బస్తా వెనక్కే.

"ముప్ఫైకి ఇరవై ఒకటి బాగున్నాయి నాన్నా" అన్నాను.

"అంటే నూటికి డెబ్భై. విత్తుకోవచ్చురా" అన్నాడు. అని ఒక్క క్షణం ఆగి, "మొలవని గింజ ఏం చేస్తుంది, మట్టిలో ఊరికే పడుంటుంది. మరి నీది?" అన్నాడు.

అంతే. నాకు కావలసిన మాట అదే. విత్తనం పాడైతే సాలులో ఒక ఖాళీ. కేసు పాడైతే మొహం. డెబ్భై మొలిస్తే విత్తుతాం. డెబ్భై బాగున్నా పేల్చలేం.

మావాడు ఊరుకోలేదు. "మూడు వందలూ కొక్కెంతో చూసి, మంచివి ఉంచుకోవచ్చు కదా?" అన్నాడు. ప్రశ్న సబబైనదే. కొక్కెం పడిన గాడిని చెబుతుంది. ఇంకొక్కసారి పేలిస్తే పడబోయే గాడిని చెప్పదు. అవి ఎన్నిసార్లు పేలాయో ఎవరికీ తెలియదు. దానికి తోడు కొట్టంలో అమ్మోనియా పీల్చాయి. ముప్ఫైలో తొమ్మిది పోయాయంటే మిగతావీ ఆ దారిలోనే ఉన్నాయి. మొత్తం 300 పక్కన పెట్టేశాను. చెప్పినంత తేలిగ్గా చేయలేదు. రెండుసార్లు తిరిగి చేతిలోకి తీసుకున్నాను.

ఆ మాసిన 166 కి మాత్రం ఒక మంచి సాక్ష్యం ఉంది. మిలిటరీ తూటాలకి ప్రైమర్ ఊడిపోకుండా దాని అంచు చుట్టూ ఇత్తడిని నొక్కుతారు. దాన్ని క్రింపు అంటారు. ప్రైమర్ మారిస్తే ఆ నొక్కు చెదిరిపోతుంది. వీటిలో పాత ప్రైమరూ, చెదరని క్రింపూ అలాగే ఉన్నాయి. అంటే నిజంగానే ఒక్కసారే పేలాయి. సంతలో ఆయన నోటిమాట కంటే ఇది నమ్మదగిన మాట. అయినా ప్రతిదాన్నీ కొక్కెంతో చూశాం. ఎనిమిది అనుమానంగా అనిపించి తీసేశాం.

తర్వాత పొడవు. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే మూతి ముందుకెళ్ళి ఇరుక్కుని బుల్లెట్‌ని బిగించేస్తుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. సైజు చేశాక దాటినవాటిని 2.005 కి కోశాం.

తర్వాత తూకం. ఇక్కడ లెక్క గ్రెయిన్లలో. ఒక పౌనుకి 7000 గ్రెయిన్లు. నా పాత మామూలు కేసులు 156 నుంచి 160 దాకా తూగుతాయి. ఈ మిలిటరీవి 180 కి అటూ ఇటూ. బయట కొలత రెండింటికీ ఒకటే. మరి ఎక్కువున్న ఇత్తడి ఎక్కడుంది? చాలావరకు లోపలి గోడలో. అంటే లోపల జాగా తక్కువ. పేలిన కేసులో పాత ప్రైమర్ ఉంచి, మూతి దాకా నీళ్ళు పోసి తూస్తే ఇది తేటగా తెలుస్తుంది. పాతవాటికంటే వీటిలో రెండు గ్రెయిన్ల నీళ్ళు తక్కువ పట్టాయి. కుంచం చిన్నదైనప్పుడు అదే కొలత గింజలు కుక్కితే ఏమవుతుంది? ఒత్తిడి. అందుకే కేసు రకం మారితే పాత మోతాదు వాడకూడదు. పుస్తకంలో రాసిన తక్కువ మోతాదు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. మంచి కేసు కూడా, మన అలవాటు మార్చుకోకపోతే చెడ్డదే.

ఆఖరిది ప్రైమర్ గుంట. క్రింపు తీసేటప్పుడు నా చేతిలోనే కొన్ని పాడయ్యాయి. కొత్త ప్రైమర్ దిగేటప్పుడు వేలికి కాస్త బిగువు తెలియాలి. ఊరికే జారి పడిపోతే అది పోయినట్టే. అలా 14 పోయాయి. నికరంగా మిగిలినవి 144.

612 లో 144.

ఈ లెక్క పెద్దావిడకి చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. ఆయన గుర్తుగా ఇచ్చారు. ముప్పాతిక వంతు తుక్కుకి వేశానని ఎలా చెప్పను? చెప్పకుండా ఆమె చేతి కాఫీ ఎలా తాగను? చివరికి ఆదివారం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కాసేపు నా వంక చూశారు.

"ఆ బకెట్టు ఎప్పుడూ కొట్టంలోనే ఉండేది. పనికిరానివి అందులో వేస్తూ ఉండేవాడు. నిండాక తుక్కుకి ఇచ్చేవాడు. నాకేం తెలుసు, మెరుస్తున్నాయని ఇచ్చాను. ఆ సంచి మాత్రం ఇంట్లో అలమరలో ఉంది. దాన్ని నేనే పైన పెట్టాను" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయన ముందే తేల్చేసిన లెక్కనే నేనూ మావాడూ నాలుగు రాత్రులు కూర్చుని మళ్ళీ తేల్చాం. ఆయన మీద గౌరవంతో ఆ రాత్రే నింపేసి ఉంటే, ఆయనే పారేసిన కేసుని మొహం ముందు పేల్చేవాళ్ళం.

ఆయన తప్పు ఏమీ లేదు. బకెట్టు మీద ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. ఆయనకి తెలుసు కాబట్టి రాసుకోలేదు. మనందరం అంతే కదా? మందు డబ్బా మీద పేరు చెరిగిపోయినా, ఏ సీసాలో ఏముందో మనకి తెలుసు. మనం లేని రోజు ఇంట్లోవాళ్ళకి ఎవరు చెబుతారు?

ఆ సాయంత్రం మావాడూ నేనూ పనికిరాని కేసుల మూతులన్నీ శ్రావణంతో నొక్కేశాం, ఇంకెవరూ నింపకుండా. తుక్కు డబ్బులు పెద్దావిడకి ఇస్తే తీసుకోలేదు, గుర్రాలకి దాణా కొనుక్కురమ్మన్నారు. మిగిలిన 144 డబ్బాలో సర్దాం. దాని మీద మావాడే పెద్ద అక్షరాలతో రాశాడు: ఎక్కడినుంచి వచ్చాయి, ఎన్నిసార్లు పేలాయి, ఏ రోజు చూశాం. పక్కన ఇంకో బకెట్టు పెట్టి దానికి ఎర్ర పెయింటు పూశాడు. అది పారేసేవాటికి.

మీ కొట్టంలో, ఎరువుల గదిలో, మందుల అలమరలో పేరు లేని డబ్బాలు ఎన్ని ఉన్నాయో ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి. మార్కరు పెన్ను ఖరీదెంత!

పందులు ఈ రాత్రి కూడా వస్తాయి. ఉంటాను.